మా అమ్మాయి సాకరూ.. నా ఎంసెట్టూ..

2025 జూన్‌లో ఒక రాత్రి పదింబావుకి మా ఆవిడ ఫోనుకి క్లబ్బు నుంచి ఈమెయిలొచ్చింది. "మీ అమ్మాయికి రెండో టీమ్‌లో చోటు ఇస్తున్నందుకు సంతోషిస్తున్నాం. 24 గంటల్లోగా ఒప్పుకుని డిపాజిట్ కట్టగలరు" అని. అంతే. మూడేళ్ళు మొదటి టీమ్‌లో ఆడిన పిల్ల. ఎందుకు కిందకి దించారో ఒక్క ముక్క లేదు. డబ్బులు కట్టే లింకు మాత్రం నీలం రంగులో, పెద్దగా, చక్కగా ఉంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ప్రొడక్షన్ సర్వరు పడిపోయినప్పుడు కూడా ఇంత మధనపడలేదు నేను (మా మేనేజరుకి తెలుగు రాదులెండి, ధైర్యంగా రాసేస్తున్నా). రెండింటికి లేచి లాప్‌టాప్ తెరిచి, చుట్టుపక్కల క్లబ్బుల్లో ఎక్కడైనా ట్రయౌట్లు ఇంకా మిగిలున్నాయేమోనని వెతికాను. తెల్లారేసరికి ఎక్సెల్ షీటు తయారు.. క్లబ్బు పేరు, కోచ్, ఫీజు, ఏ లీగు, ఇంటి నుంచి ఎన్ని మైళ్ళు. మైళ్ళ కాలమ్‌కి ఎరుపూ పచ్చా రంగులు కూడా వేశాను.

పొద్దున్నే పిల్లకి చెప్పాం, ఏడుస్తుందేమో ఎలా సముదాయించాలా అని ముందే ఇద్దరం రిహార్సల్ వేసుకుని మరీ. "ఓ.. ఓకే" అంది. కాసేపాగి, తన స్నేహితురాలి పేరు చెప్పి "తను కూడా ఆ టీమేనా?" అంది. అవునన్నాం. సీరియల్ తినేసి ఈతకి వెళ్ళిపోయింది. ఇంట్లో మొహం వేలాడేసుకుని కూర్చున్నది నేనొక్కణ్ణే.

నాకెందుకంత గుచ్చుకుందో ఆఫీసుకి వెళ్తుంటే దారిలో తెలిసింది. మాది తెనాలి దగ్గర. ఇంటర్ విజయవాడ పక్కనే ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చదివాను (పేరెందుకు, అన్నీ ఒక తాను ముక్కలేగా). ప్రతి ఆదివారం పరీక్ష, సోమవారం సాయంత్రానికల్లా నోటీసు బోర్డు మీద ర్యాంకులు, వాటిని బట్టి సెక్షన్లు. ఏ1లో ఉన్నవాడికి మంచి లెక్చరర్లు, ఏసీ కాకపోయినా కనీసం తిరిగే ఫ్యాను. ఏ3కి పడ్డ వారం ఇంటికి ఫోన్ చెయ్యాలంటే ఎస్టీడీ బూత్ దగ్గర కాళ్ళు వణికేవి. నాన్న ఏమీ తిట్టేవాడు కాదు. "సరే, అన్నం తిన్నావా" అని పెట్టేసేవాడు. అది ఇంకా బాధగా ఉండేది. దాదాపు పాతికేళ్ళ తర్వాత డాలస్‌లో, పన్నెండేళ్ళు కూడా నిండని పిల్ల ఫుట్‌బాల్ ఆడుకుంటుంటే నేను మళ్ళీ ఆ బోర్డు ముందు నిలబడ్డానన్నమాట!

సరే, ఈ గొడవ తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఇక్కడ పిల్లలు నాలుగేళ్ళప్పుడు ఊరి పార్కులో రిక్రియేషన్ లీగులో మొదలెడతారు. కోచ్ ఎవరో ఒక పిల్ల వాళ్ళ నాన్నే. బంతి ఎటు పోతే అందరూ అటే, తేనెటీగల్లా. సీజన్‌కి నూటచిల్లర డాలర్లు, ఆట అయ్యాక ఆరెంజ్ ముక్కలు, చివర్లో అందరికీ ప్లాస్టిక్ కప్పులు. స్వర్గం. ఎనిమిదో తొమ్మిదో ఏట ఎవరో ఒకరు "మీ అమ్మాయి భలే ఆడుతోందే, క్లబ్బులో ట్రై చెయ్యకూడదూ?" అంటారు. ఆ ఒక్క మాటకి పడిపోతాం. అక్కడ్నించి జీతం తీసుకునే కోచ్‌లు, ఏటా ట్రయౌట్లు, మొదటి టీము, రెండో టీము, మూడో టీము. పైన లీగుల అక్షరాల పులుసు. అమ్మాయిల కోసం 2009లో ఈసీఎన్‌ఎల్ మొదలైంది. 2017లో యూఎస్ సాకర్ వాళ్ళు మాదే అసలు దారి అని అమ్మాయిలకి డెవలప్‌మెంట్ అకాడమీ పెట్టి, 2020 ఏప్రిల్‌లో దాన్ని మూసేశారు. ఆ ఖాళీలో అదే ఏడాది గర్ల్స్ అకాడమీ పుట్టింది. ఇవి కాక వీటి కింద ప్రాంతీయ లీగులు. మూడేళ్ళలో పుట్టి చచ్చిన లీగు కోసం క్లబ్బులు మారి, గంటన్నర దూరాలు కార్లు నడిపిన అమ్మానాన్నల గురించి అప్పుడప్పుడూ ఆలోచిస్తుంటాను. మనం నేర్చుకున్న ఫ్రేమ్‌వర్కులు కూడా అంతేననుకోండి.. కానీ దానికి మనకి జీతమిచ్చారు.

నార్వేలో పిల్లల ఆటలకి ఒక నియమావళి ఉంది. పదకొండేళ్ళు వచ్చేదాకా పట్టికలు, ర్యాంకులు ఉండకూడదు. ఇక్కడ పదేళ్ళ పిల్లల టీముకి కూడా జాతీయ ర్యాంకు చూపించే యాప్‌లున్నాయి. నేను రోజూ చూసేవాణ్ణి. ఆదివారం రాత్రి రిఫ్రెష్ కొట్టి మరీ చూసేవాణ్ణి. సోమవారం నోటీసు బోర్డు నయం, వారానికొకసారే.

ఇక డబ్బు. మనం ఇంజనీర్లం కాబట్టి లెక్కలు వేసుకోకపోతే తోచదు. దింపేసే ముందు సంవత్సరం మా ఇంటి ఖర్చు ఇది: క్లబ్బు ఫీజు 3,100, యూనిఫాం 420, టోర్నమెంట్లు, కోచ్ ప్రయాణాలలో మా వాటా 650, హోటళ్ళూ తిళ్ళూ 1,900, ప్రైవేటు కోచింగ్ గంటకి 60 చొప్పున 35 గంటలు అంటే 2,100. మొత్తం 8,170 డాలర్లు, పెట్రోలు కాక. హోటళ్ళ సంగతి మరీ అన్యాయం. చాలా టోర్నమెంట్లు తాము చెప్పిన హోటల్లోనే దిగాలంటాయి, లేకపోతే టీముని ఆడనివ్వరు. పక్క వీధిలో మా బాబాయి ఇల్లుంది మొర్రో అన్నా వినరు. యూరప్‌లో అబ్బాయిల ఫుట్‌బాల్ అయితే చిన్న క్లబ్బు ఒక కుర్రాణ్ణి తయారుచేస్తే రేపు పెద్ద క్లబ్బు నుంచి ఎంతో కొంత ముడుతుంది. ఇక్కడ మామూలు క్లబ్బుకి ఆదాయం ఎక్కణ్ణించి వస్తుంది? నా దగ్గర్నించే. రెండో టీము ఫీజు మొదటి టీము ఫీజుతో సమానం, పైసా తగ్గదు. ర్యాంకులు ఏ1 వాళ్ళవి, ఫీజులు ఏ7 వాళ్ళవి.. ఈ వ్యాపారం మనకి కొత్తేం కాదుగా! చిన్నప్పుడు మన నాన్నలు కట్టారు, ఇప్పుడు మనం కడుతున్నాం.

ఈ ఖర్చుకి మనవాళ్ళు చెప్పే సమాధానం ఒక్కటే: "కాలేజీ స్కాలర్‌షిప్ వస్తుంది కదండీ". పుట్టినరోజు పార్టీల్లో, గుడిలో ప్రసాదం లైన్లో, ఎక్కడ కలిసినా ఇదే మాట. నేనూ అన్నాను. అందుకే ఆ మాట మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

హైస్కూల్లో సాకర్ ఆడే అమ్మాయిల్లో ఎన్‌సీఏఏ డివిజన్ 1 దాకా వెళ్ళేవాళ్ళు వందకి ఇద్దరో ముగ్గురో. వాళ్ళందరికీ డబ్బులొస్తాయనుకుంటే అదీ పొరపాటే. 2024-25 దాకా డివిజన్ 1 టీముకి మొత్తం 14 స్కాలర్‌షిప్పులే. వాటిని పాతికమందికి పైగా ముక్కలు చేసి పంచేవారు. అంటే చాలామందికి దక్కేది సగమో పావో. 2025లో కోర్టు సెటిల్మెంటు వచ్చాక, అందులో చేరిన యూనివర్సిటీలకి ఆ పరిమితి తీసేసి, టీములో 28 మందికి మించకూడదన్నారు. 28 మందికీ పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చు, ఇవ్వాలని లేదు. ఇచ్చేంత డబ్బు ఎంతమంది దగ్గరుంటుందో మీరే ఊహించుకోండి. డివిజన్ 3లో ఆట పేరు మీద స్కాలర్‌షిప్పే లేదు. మనవాళ్ళు కలవరించే ఐవీ లీగులో కూడా లేదు! అక్కడ ఆట అడ్మిషన్‌కి పనికొస్తుంది కానీ ఫీజుకి కాదు. పైగా కోచ్‌లు పదో తరగతి అయ్యాక జూన్ 15 నుంచి గానీ అమ్మాయిలతో నేరుగా మాట్లాడకూడదు. మరి ఐదో క్లాసు పిల్ల వీడియోలు ఎడిట్ చేసి యూట్యూబులో పెట్టేది ఎవరి కోసం?

ఏడాదికి 8 వేల చొప్పున తొమ్మిదేళ్ళు అంటే 72 వేలు. అదే డబ్బు 529 ప్లానులో పడేస్తే స్కాలర్‌షిప్ ఖాయం, అదీ మోకాళ్ళతో పని లేకుండా. పెట్టుబడి అనే మాట వాడేవాళ్ళు కనీసం పెట్టుబడిలాగైనా లెక్క చూడాలని నా బాధ. ఆటకి పెట్టే డబ్బు సంగీతానికి పెట్టినట్టు, తిరుపతి ప్రయాణానికి పెట్టినట్టు పెట్టాలి. తిరిగి రాదు.

మోకాలంటే గుర్తొచ్చింది. మా వీధిలో ఒకమ్మాయి పద్నాలుగేళ్ళకి ఏసీఎల్ తెంపుకుంది. ఎవరూ తోయలేదు, తన్నలేదు. పరిగెడుతూ ఒక్కసారి పక్కకి తిరిగిందంతే. సర్జరీ, తర్వాత దాదాపు ఏడాది. అబ్బాయిలతో పోలిస్తే అమ్మాయిలకి ఈ దెబ్బ తగిలే అవకాశం కొన్ని రెట్లు ఎక్కువ. అదీ సరిగ్గా ఎదిగే వయసులో. ఫిఫా 11 ప్లస్ అని 20 నిముషాల వార్మప్ ఉంది, దెబ్బలు బాగా తగ్గుతాయని చాలా పరిశోధనల్లో తేలింది. పైసా ఖర్చు లేదు. మేం చూడ్డానికెళ్ళిన క్లబ్బుల్లో డ్రోన్ వీడియోలు చూపించారు, షర్టు మీద లోగో ఎలా మారిందో చూపించారు. వార్మప్ ఏం చేయిస్తారని అడిగితే ఒకాయన "పిల్లలు రెండు రౌండ్లు పరిగెడతారు" అన్నాడు. ట్రయౌటుకి వెళ్ళేవాళ్ళు ఈ ప్రశ్న అడగండి, లీగు పేరు తర్వాత అడగొచ్చు. బంతిని తలతో కొట్టడం గురించి కూడా అడగండి. 2015లోనే యూఎస్ సాకర్ పదేళ్ళలోపు వాళ్ళకి అది వద్దని, 11 నుంచి 13 దాకా ప్రాక్టీసులో తగ్గించాలని చెప్పింది. పాటిస్తున్నారో లేదో చూసుకోవాల్సింది మనమే.

ఇంతకీ మా పిల్లని ఎందుకు దింపారు? రెండు వారాల తర్వాత కోచ్ ఫోన్లో చెప్పాడు. పాపం మంచివాడే. "టచ్ బావుంది, బుర్ర బావుంది, కానీ గ్రౌండ్ పెద్దదవుతోంది, తను చిన్నది" అన్నాడు. పన్నెండేళ్ళలోపు దాకా తొమ్మిదిమంది ఆట. పదమూడుకి రాగానే పదకొండుమంది, పెద్ద గ్రౌండు, 5వ సైజు బంతి. మావాళ్ళు మొదటి టీముకి ఎంచుకున్న పిల్లలు ఒక్కొక్కళ్ళు మా ఆవిడ అంత ఎత్తున్నారు.

ఇక్కడే అసలు తమాషా. మా అమ్మాయి 2013 అక్టోబరులో పుట్టింది. యూఎస్ సాకర్ 2015లో ప్రకటించి 2017కల్లా అమల్లో పెట్టిన పద్ధతి ప్రకారం ఏ సంవత్సరంలో పుట్టినవాళ్ళు ఆ టీము. అంటే జనవరిలో పుట్టిన పిల్లతో అక్టోబరులో పుట్టిన పిల్ల పోటీ. పైగా వాళ్ళంతా స్కూల్లో ఒక క్లాసు పైన. పన్నెండేళ్ళ వయసులో తొమ్మిది నెలలంటే ఎత్తులో చాలా తేడా! ఇప్పుడు 2026-27 సీజన్ నుంచి మళ్ళీ మార్పు: ఆగస్టు 1 నుంచి జులై 31 దాకా ఒక బ్యాచ్. దీంతో 2013 అక్టోబరు పిల్ల, 2014 జులై దాకా పుట్టినవాళ్ళతో కలుస్తుంది. నిన్నటిదాకా టీములో అందరికంటే చిన్నది, రాత్రికి రాత్రి పెద్దవాళ్ళలో ఒకతె అయిపోయింది. పిల్ల అదే, కాళ్ళు అవే, తేదీ రూలు మారిందంతే. సర్వర్ టైమ్‌జోన్ మారిస్తే రిపోర్టులో నంబర్లన్నీ తారుమారైనట్టు. అదే సమయంలో, 2013 ఫిబ్రవరిలో పుట్టి ఇన్నాళ్ళూ స్టార్ అనిపించుకున్న పిల్ల, 2012 ఆగస్టు వాళ్ళతో పోటీపడాలి. ఆ పిల్ల వాళ్ళమ్మ ఈమధ్య సైడ్‌లైన్లో కాస్త మౌనంగా ఉంటోంది. నాకు జాలేసింది. (అబద్ధమెందుకు, మొదట కొంచెం సంతోషమేసింది. తర్వాత జాలేసింది.)

నా గురించి కూడా చెప్పాలి. 2024 శరదృతువులో అమ్మ మా దగ్గరికొచ్చింది. ఒక శనివారం గ్రౌండుకి తీసుకెళ్ళాం. ఫోల్డింగ్ కుర్చీలో గొడుగేసుకుని కూర్చుని "ఆడపిల్లని ఈ ఎండలో.. ఎంత నల్లబడిపోయిందిరా" అని మొదలెట్టింది. నేను వినట్లేదు. "స్ప్రెడ్ అవుట్! వెనక్కి! షూట్! షూట్!" అని గీత వెంబడి పరిగెడుతున్నా. హాఫ్ టైములో అమ్మ అంది: "ఒరేయ్, దానికి చెప్పడానికి ఆ మేష్టారున్నాడు కదా, నీకెందుకురా ఈ గోల? నువ్వరిచినప్పుడల్లా అది ఇటు చూస్తోంది. ఈలోగా బంతి పోతోంది."

రెండో సగం నోరు మూసుకుని గమనించాను. నేను అరవకపోయినా పిల్ల అలవాటుగా ఇటు చూస్తోంది. బంతి కాలికి రాగానే ఒక్క క్షణం నావైపు. ఆ క్షణంలోనే అవతలి పిల్ల వచ్చేస్తోంది. ప్రైవేటు కోచింగ్‌కి గంటకి 60 డాలర్లు పోసి "తొందరగా నిర్ణయం తీసుకోవడం" నేర్పిస్తున్నాను అప్పట్లో!

ఇంటికొచ్చేటప్పుడు కారులో ఇంకో ఘోరం ఉంటుంది, మీలో చాలామంది చేస్తూనే ఉంటారు. పోస్ట్‌మార్టం. "ఆ కార్నర్ కిక్ అప్పుడు నువ్వెక్కడున్నావు?" అని 35 నిముషాలు కోడ్ రివ్యూ. ఆ పిల్లకి సీటు బెల్టు ఉంది, ఎక్కడికీ పారిపోలేదు.

అన్నట్టు అమ్మ ఎండ గురించిన గొడవ ఇప్పుడు మానేసింది. 2025 నవంబరులో మన అమ్మాయిలు క్రికెట్ వరల్డ్ కప్ గెలిచినప్పుడు ఫోన్ చేసి, "చూశావా, కడప పిల్లటరా ఆ శ్రీచరణి" అని పది నిముషాలు మాట్లాడింది. ఫుట్‌బాల్లోనూ ఉన్నారమ్మా, నిజామాబాద్ నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య ఇండియాకి ఆడింది, 2022లో క్రొయేషియాలో జాగ్రెబ్ క్లబ్బుకి కూడా వెళ్ళింది అంటే, "అయితే మరి మన పిల్లకి చెప్పు" అంది. చెప్పాను. "కూల్" అంది మన పిల్ల.

సరే, చివరికి మేం రెండో టీమే ఒప్పుకున్నాం. ధైర్యంతో కాదు, మా ఆవిడ ఎక్సెల్ షీటు చూసి "ఈ ఎరుపు గడుల్లోవి ఎవరు నడుపుతారు, నువ్వా?" అన్నందుకు. ప్రైవేటు కోచింగ్ ఆపేశాం. పిల్ల అడిగితే మళ్ళీ పెడదామనుకున్నాం, అడగలేదు. 70 నిముషాల ఆటలో మొదటి టీములో అయితే పదిహేను నిముషాలు ఆడేది, ఇక్కడ దాదాపు మొత్తం ఆడుతోంది, అదీ మధ్యలో. గెలిచినవాటికంటే ఓడినవే ఎక్కువ. నేను ఆ సీజనంతా అవతలి కార్నర్ జెండా దగ్గర, ఎవరూ లేని చోట నిలబడ్డాను, నోట్లో చూయింగ్ గమ్‌తో. కారులో పాటలు తను పెడుతుంది, నేను వింటాను. ఎవరు పాడతారో, ఎందుకు పాడతారో నాకర్థం కాదు.

ఒక సంగతి మాత్రం గట్టిగా చెప్తాను. మన ఇళ్ళలో అమ్మాయిలు తొమ్మిదో తరగతికి రాగానే "ఇక చదువు చూసుకో" అని ఆట మాన్పించేస్తాం. అదే సమయంలో మొదటి టీములో లేని పిల్లకి "ఇంకెందుకు టైం వేస్టు" అంటాం. రెంటికీ కారణం ఒకటే.. పిల్ల ఆడుకోవడానికి ఆడుతోందని మనకి ఎప్పుడూ తోచదు. ఈ దేశంలో 1972లో టైటిల్ 9 చట్టం వచ్చింది కాబట్టి స్కూళ్ళూ కాలేజీలూ అమ్మాయిలకి కూడా గ్రౌండ్లిచ్చాయి. 1999లో రోజ్ బౌల్‌లో 90,185 మంది కూర్చుని అమ్మాయిల ఫైనల్ చూశారు. ఆ గ్రౌండ్లు అందరికీ. పదహారేళ్ళ వయసులో మూడో టీములో, ఎవరూ వీడియో తియ్యని ఆటలో, స్నేహితులతో బురదలో పడి లేచే అమ్మాయికి కూడా. దాన్ని టైం వేస్టు అంటే నేనొప్పుకోను. విజయవాడలో రెండేళ్ళు నేనొక్కసారి కూడా గ్రౌండులోకి దిగలేదు. దిగడానికి గ్రౌండే లేదనుకోండి.

మొన్న కోచ్ ఈమెయిల్ పెట్టాడు. కొత్త వయసు లెక్క ప్రకారం మీ అమ్మాయి మొదటి టీముకి ట్రై చెయ్యొచ్చు, బాగా అవకాశం ఉంది అని. పిల్లకి చెప్పాను, గొంతు మామూలుగా ఉంచడానికి చాలా కష్టపడి. "ఎవరెవరు వెళ్తున్నారు?" అంది. తెలీదన్నాను. "మరి తను?" అంది అదే స్నేహితురాలి గురించి. తను ఫిబ్రవరి 2013, వేరే బ్యాచ్‌లోకి వెళ్ళిపోతుంది అన్నాను. అప్పుడు మాత్రం మొహం చిన్నబోయింది. ఏ టీమైనా సరే ఇద్దరూ కలిసి ఆడటం ఇక కుదరదని అప్పుడే అర్థమైంది దానికి. ఏడాది క్రితం రెండో టీమని చెప్పినప్పుడు రాని ఏడుపు ఇప్పుడొచ్చింది. నా దగ్గర దానికి సమాధానం లేదు, షీటులో ఆ కాలమే పెట్టలేదు నేను.

ట్రయౌటుకి ఇంకా టైముంది, ఆలోచించుకుని చెప్తానంది. సరేనన్నాం. ఈ లోపు మంగళ, గురువారాలు మామూలుగానే ప్రాక్టీసు. ఏడింటికి దింపి, ఎనిమిదిన్నరకి పార్కింగ్ లాట్లో కారులోంచే హైదరాబాద్ టీముతో కాల్. మొన్న కాల్ మధ్యలో తలుపు తీసి, మట్టి బూట్లతోనే ఎక్కి, "డాడ్, మ్యూట్‌లో ఉన్నావా? ఈరోజు ఏమైందో తెలుసా.." అని మొదలెట్టింది. లేను. అయినా చెప్పమన్నాను.